నీడలో ఎండిన వడియాలు

నేను ఒక నులక మంచాన్ని. ఇప్పుడు నా ఒంటి మీద నులక లేదు, నీలం రంగు ప్లాస్టిక్ వైరు ఉంది. అయినా చూసినవాళ్ళు నులక మంచమనే అంటారు. చిన్నప్పటి పేరు మనుషులకు పోనట్టే మంచాలకూ పోదు.

నా కోళ్ళూ పట్టెలూ నల్లతుమ్మ కర్రవి. చల్లపల్లి దగ్గర కాలువ గట్టున పెరిగిన చెట్టును కొట్టి, చాలాకాలం బురదలో నానబెట్టి, ఆరబెట్టి, ఆ తర్వాత నన్ను చేశారు. పని అయ్యాక వడ్రంగి నన్ను రెండు చేతులతో ఎత్తి నేల మీద వదిలాడు. నాలుగు కాళ్ళూ ఒకే చప్పుడు చేస్తే మంచం కుదిరినట్టు. నేను ఒకే చప్పుడు చేశాను. ఆయన బీడీ వెలిగించుకుని పక్కకు వెళ్ళిపోయాడు. నాకు దొరికిన మెప్పు అంతే.

తాయారు పెళ్ళికి సారెతో పాటు నన్నూ ఇచ్చారు. వాళ్ళ నాన్న నన్ను బస్సు టాపు మీద కట్టి బెజవాడ తీసుకువచ్చాడు. దారి పొడవునా వరిచేల మీది గాలి నా నులకలోంచి దూరి వెళ్ళింది. గాలి అంటే అందరికీ ఎప్పుడూ ఉండేదే అనుకున్నాను.

బెజవాడలో ఆ ఇల్లు ఇరుకు వీధిలో ఒక చిన్న డాబా ఇల్లు. కింద రెండు వాటాలు, పైన కప్పు మీద ఖాళీ. ఒక వాటాలో తాయారు, ఆమె భర్త పానకాలు. ఇంకో వాటా అతని తమ్ముడు నాంచారయ్యది. పానకాలు ఆటోనగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. పెళ్ళయిన కొన్నేళ్ళకే జ్వరం వచ్చి పోయాడు. పిల్లలు లేరు. చల్లపల్లి నుంచి తాయారు అన్నదమ్ములు వచ్చి, సామాను సర్దుకో, తీసుకుపోతామన్నారు. నన్ను కూడా గోడకు నిలబెట్టారు, బస్సు ఎక్కించడానికి.

తాయారు నన్ను మళ్ళీ నేల మీద వాల్చింది.

"అక్కడికొస్తే వదినల చేతి కింద, ఇక్కడుంటే మరిది చేతి కింద. ఎక్కడైనా ఒకటే" అంది. "నా చేతి కింద నేనుంటా. వెళ్ళి రండి."

ఆ మాట అన్నప్పుడు ఆమె దగ్గర ఒక పొత్రం, రోలు, నేను తప్ప ఇంకేమీ లేవు. వాటితోనే వడియాలు పెట్టి అమ్మడం మొదలుపెట్టింది.

నేను గది వదిలి డాబా ఎక్కాను. మెట్లు సగంలో మలుపు తిరుగుతాయి. నన్ను పక్కకు వంచి, కాళ్ళు పైకి పెట్టి ఎక్కించారు. పైన తాయారు నా మీద పానకాలు పంచె తడిపి పరిచింది. ముందు రోజే బూడిద గుమ్మడికాయ తరిగి, ఉప్పు వేసి, మూటగట్టి, పైన రాయి పెట్టి నీళ్ళు పిండేది. తెల్లారేసరికి ఆ ముక్కలు మినప్పిండిలో కలిపి, మూడు వేళ్ళతో వరసగా పెట్టేది. ఒక వడియం ఇంకో వడియాన్ని తాకకూడదు. వడియం లోపలిదాకా ఎండాలంటే మూడు ఎండలు పడాలి. మొదటి ఎండకు పైన బిగుస్తుంది. రెండో ఎండకు బట్ట తిరగేసి, వెనక నీళ్ళు చిలకరించి, ఊడబెరకాలి. మూడో ఎండ లోపలి తేమ కోసం. తొందరపడి రెండెండలకే డబ్బాలో పోస్తే బూజు పడుతుంది. ఎంత తెలివైన మనిషికైనా ఈ మూడో ఎండ దగ్గర ఓపిక పోతుంది. తాయారుకు పోలేదు.

కొన్నాళ్ళకు నాంచారయ్యకు పెళ్ళయింది. సరోజిని వచ్చింది. కొత్త కోడలు డాబా ఎక్కి, తోడికోడలు పని చూసి, నవ్వింది.

"ఏంటక్కా, మంచానికి పొక్కులు లేచినట్టున్నాయి" అంది.

"నోరు మూసుకుని చెయ్యి కడుక్కురా. నీకూ నాలుగు పొక్కులు పెట్టడం నేర్పిస్తా" అంది తాయారు.

అప్పటి నుంచి వాళ్ళిద్దరూ కలిసే పెట్టారు. తలవైపు తాయారు, కాళ్ళవైపు సరోజిని. నాంచారయ్య మీద, ఇరుగుపొరుగు మీద, ఒకరి పుట్టిల్లు మీద ఒకరు చెప్పుకోని మాట లేదు. మనుషులు కూర్చుని మాట్లాడుకోవడానికి ఏదో ఒక పని సాకుగా ఉండాలి. లేకపోతే వాళ్ళకు సిగ్గు. వీళ్ళకు నేనూ వడియాలూ సాకు. వీధిలో వాళ్ళంతా మా దగ్గరే కొనేవారు. తాయారు తన బియ్యం తను కొనుక్కునేది, తన పొయ్యి మీద తను వండుకునేది. పండక్కి మరిది ఇంట్లో భోంచేస్తే ఒక డబ్బా వడియాలు పట్టుకుని వెళ్ళేది, ఉత్త చేతులతో ఎప్పుడూ వెళ్ళలేదు.

ఆ డాబా మీద నుంచి అప్పుడు కొండ కనిపించేది. సాయంత్రమైతే కృష్ణ వైపు నుంచి గాలి వచ్చేది. ఎండలో కాగిపోయిన నా పట్టెలు ఆ గాలికి నెమ్మదిగా చల్లబడేవి. పొద్దున ఎండ, సాయంత్రం గాలి. ఎవరూ ఎవరికీ బాకీ లేనట్టు రోజు ముగిసేది.

ముందుగా దక్షిణం వైపు పెంకుటిల్లు పోయింది. దానితో పాటు దాని పెరట్లో వేపచెట్టూ పోయింది. ఆ జాగాలో అంతస్తు మీద అంతస్తు లేచింది. చలికాలపు ఎండ దక్షిణం నుంచి వాలుగా వస్తుంది. ఆ ఏడు మాఘమాసంలో అది మా డాబా దాకా రాలేదు. కృష్ణ గాలి కూడా ఆ గోడకు తగిలి ఆగిపోయింది. ఆ భవనానికి సూర్యుడి పేరు పెట్టారు. మనుషులు దేన్ని తీసేస్తారో దాని పేరు గోడ మీద రాసి గుర్తుంచుకుంటారు. అది వాళ్ళ మర్యాద.

తాయారు తిట్టలేదు. "చలికాలం కాకపోతే ఎండాకాలం పెడదాం. చైత్రంలో ఎండ నెత్తి మీదుంటుంది. దాన్నెవరు ఆపుతారు?" అంది.

తర్వాత తూర్పున ఒకటి లేచింది. పొద్దుటి ఎండ పోయింది. ఆ మరుసటేడు పడమర. మధ్యలో మా డాబా బావి అడుగులా అయింది. ఎండ నడిమధ్యాహ్నం మాత్రమే ఒక ముక్కగా దిగి, నేల మీద కాసేపు జరిగి, గోడెక్కి వెళ్ళిపోయేది. ఆ ముక్క వెంట వాళ్ళు నన్ను మోసుకు తిరిగేవారు. తలవైపు తాయారు, కాళ్ళవైపు సరోజిని.

"జరుపు జరుపు, పారిపోతోంది" అనేది తాయారు.

"ఎండను తరిమి పట్టుకునే తోడికోడళ్ళని బెజవాడలో మనల్నే చూడాలి" అనేది సరోజిని, ఆయాసపడుతూ.

ఆ భవనాల్లో దిగినవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. వాళ్ళకు వడియాలు పెట్టుకోవడానికి డాబా లేదు, బాల్కనీలో కుండీకి చోటు లేదు. అందుకని మా దగ్గరే కొనేవారు. పడమటి భవనం మొదటి అంతస్తులో ఉమాబాల అనే అమ్మాయి ఉండేది, చంటిబిడ్డ తల్లి. కిటికీలోంచే మాట్లాడేది. "పిన్నిగారూ, మీరు మా అమ్మలాగే పెడతారు. బయట కొన్నవి నోట్లో పెట్టుకోలేం" అనేది. వాళ్ళ ఇల్లే మా ఎండకు అడ్డమని ఆ అమ్మాయికి తోచలేదు. తాయారు చెప్పలేదు. చెప్తే మాత్రం ఆ పిల్ల ఏం చేస్తుంది?

ఒకరోజు నాంచారయ్య డాబా మీదికి వచ్చాడు. ఆయన ఊరికే పైకి రాడు. బిల్డరు వచ్చి అడుగుతున్నాడనీ, ఈ ఇల్లు ఇస్తే పడగొట్టి అపార్ట్‌మెంటు కట్టి, తలా ఒక ఫ్లాటు ఇస్తాడనీ చెప్పాడు.

"ఫ్లాట్లో వడియాలెక్కడ పెట్టను? సోఫా మీదా?" అంది తాయారు.

"వడియాలు పెట్టకపోతే ఏంటి వదినా? నేను ఇంత అన్నం పెట్టనా?"

"పెడతావయ్యా. నువ్వు మంచోడివి. అదే వద్దంటున్నా."

ఆయన మెట్లు దిగిపోయాడు. అటు తర్వాత ఆ మాట ఎత్తలేదు. కాని తాయారుకు అర్థమైంది. వడియాలు పెట్టగలిగినన్నాళ్ళే ఆ డాబా ఉంటుంది. డాబా ఉన్నన్నాళ్ళే తన పొయ్యి తనది.

ఆ వేసవికి మూడు భవనాల గోడలకూ పెట్టెలు వచ్చాయి. గదుల్లో చల్లదనం పుట్టించే మిషన్ల వెనక భాగాలు. ముఖాలు లోపల, వీపులు మా వైపు. మనుషులకు వేడిని చంపడం చేతకాలేదు. ఉన్నచోటి నుంచి తీసి పక్కవాడి మీద పోయడం నేర్చుకున్నారు. మొదటి అంతస్తు పెట్టెలు సరిగ్గా మా పిట్టగోడ ఎత్తున ఉండేవి. పగలంతా మా మీదికి ఊదేవి. అది గాలే, కాని ఆ గాలి దేన్నీ చల్లబరచదు. ఎండ లేదు, ఉక్క ఉంది. నీడ ఉంది, చల్లదనం లేదు. సాయంత్రమైనా గోడలు మూడువైపులా సెగ కక్కుతూనే ఉండేవి. నా పట్టెలు ఎప్పటికీ చల్లబడేవి కావు.

ఒకనాడు సరోజిని చీర కొంగుతో ముఖం తుడుచుకుంటూ అంది.

"అక్కా, ఎండ పోయిందని ఏడుస్తున్నావు గాని, చూడు. వాళ్ళు తీసుకున్న ఎండని డబ్బాల్లో పెట్టి మనకే తిప్పి పంపిస్తున్నారు."

నవ్వించడానికే అంది. తాయారు నవ్వలేదు. లేచి, ఆ పెట్టె ముందు అరచెయ్యి పెట్టి చూసింది. చాలాసేపు పెట్టి చూసింది.

"పట్టుకో" అంది.

నన్ను ఎత్తి, పడమటి గోడ వారగా, పై అంతస్తు బాల్కనీల నీడలో, మూడు పెట్టెల ముందు వేశారు. మొదటిరోజు సాయంత్రానికే వడియాలు గలగలమన్నాయి. తాయారు మొహం చాలాకాలానికి తేటపడింది. "చూశావా, ఎండ కంటే నయం. మబ్బు పట్టినా భయం లేదు" అంది. సరోజిని తన తెలివికి తానే మురిసిపోయింది. అంత సంతోషంగా ఆ ఇద్దరినీ మళ్ళీ చూడలేదు నేను.

ఎండ మెల్లగా లోపలికి దిగుతుంది. ఊదే గాలి పైపైనే పని చేస్తుంది. వడియాల పైపొర రాయిలా అయింది, లోపల తేమ అలాగే ఉండిపోయింది. కొన్నాళ్ళకు ఉమాబాల కిటికీలోంచి ఒక డబ్బా అందించింది.

"ఏమీ అనుకోకండి పిన్నిగారూ. లోపల మెత్తగా ఉండి, ఏదో వాసనొస్తున్నాయి. డబ్బులేం వద్దు. మీకు తెలియాలని."

తాయారు ఒక వడియం విరిచి చూసింది. లోపల ఆకుపచ్చగా బూజు ఉంది. ఇన్నేళ్ళలో ఎవరూ ఆమెకు వడియాలు వెనక్కి ఇవ్వలేదు.

ఆ పూట ఆమె అన్నం తినలేదు. మర్నాడు కొత్త పిండి రుబ్బింది. ఈసారి గంటగంటకూ ఒక్కో వడియాన్నీ చేత్తో తిప్పుతానంది. అప్పుడు గాలి అన్నివైపులా తగిలి, లోపలిదాకా ఎండుతుందని ఆమె ఆలోచన. నా పక్కన పీట వేసుకుని కూర్చుంది. ఆమె వీపుకు ఆ మూడు పెట్టెలూ ఊదుతున్నాయి.

రోహిణి కార్తె. రోళ్ళు పగిలే రోజులంటారు. నాంచారయ్య పొద్దున్నే పనికి వెళుతూ, "ఎండలో తిరగొద్దు, వడదెబ్బ కొడుతుంది" అని ఇద్దరికీ చెప్పి వెళ్ళాడు. ఇద్దరూ సరేనన్నారు. అక్కడ ఎండ ఎక్కడుంది? వడదెబ్బ ఎండలో నిలబడ్డవాళ్ళకు తగులుతుందని వాళ్ళ అమ్మలు చెప్పారు, అమ్మమ్మలు చెప్పారు. తాయారు నెత్తి మీద ఎండ పొడ లేదు. తల మీద తడిగుడ్డ వేసుకోవాలని గాని, చెంబుతో మజ్జిగ పెట్టుకోవాలని గాని ఆమెకు తోచలేదు. ఎండలోకి వెళితే తప్పకుండా తోచేది.

మధ్యాహ్నం సరోజిని మెట్ల మలుపు దాకా వచ్చి కేకేసింది.

"అక్కా, దిగి రా. ఉడికిపోతావు."

"నీడలోనే ఉన్నాను కదే. నువ్వు తిను. ఈ వరస తిప్పి వస్తా."

సరోజిని వెళ్ళిపోయింది. నీడలోనే ఉంది కదా అని ఆమె కూడా అనుకుంది.

ఆ తర్వాత జరిగింది చూసినదాన్ని నేనొక్కదాన్నే. తాయారుకు ముందు చెమట ధారగా పోసింది. ఆ తర్వాత చెమట ఆగిపోయింది. తిప్పిన వరసనే మళ్ళీ తిప్పింది. మళ్ళీ అదే వరస. వేళ్ళు వడియాల మధ్య ఖాళీలో తడుముకున్నాయి.

"సరోజా, అటు పట్టుకో" అంది, ఎవరూ లేని నా కాళ్ళవైపు చూస్తూ. "జరుపుదాం. ఎండ అటు పోతోంది."

నా తలవైపు పట్టె పట్టుకుని ఎత్తబోయింది. ఒక కాలు కొంచెం లేచింది. అంతే, నా మీదికి ఒరిగింది, బట్ట మీద, వడియాల మీద. ఎందరో నా మీద పడుకున్నారు, జ్వరాలతో కూడా. అంత వేడి ఒళ్ళు నేనెప్పుడూ మొయ్యలేదు. నేను మంచాన్ని. పడుకున్న మనిషిని మోయడం తప్ప నాకు ఇంకేమీ రాదు. కేక వేయడం రాదు. పెట్టెల హోరులో కేక వేసినా కిందికి వినిపించేది కాదు.

సరోజిని మళ్ళీ వచ్చేసరికి చాలాసేపయింది. నీళ్ళు తెచ్చి పోసింది. వీధిలో వాళ్ళు వచ్చారు. ఎదురింటి నరసమ్మ పెద్దావిడ, ఎన్నో చావులు చూసిన మనిషి. ఆమె తాయారు కళ్ళు చూసి, మెల్లగా అంది.

"కిందకి దించండమ్మా. మంచం మీద ప్రాణం పోకూడదు."

"ఎవరికి పోతోంది ప్రాణం?" అంది సరోజిని. "మా అక్కని దించొద్దు. ఎవరూ ముట్టుకోవద్దు."

అంబులెన్సు వీధి మొదట్లో ఆగింది. మంచంతో సహా కిందికి దించుదామని నలుగురు నన్ను ఎత్తారు. సరోజిని తలవైపు పట్టుకుంది. మెట్ల మలుపు దగ్గర నేను తిరగలేదు. ఎటు తిప్పినా గోడకు తగిలాను. ఖాళీ మంచాన్నయితే పక్కకు వంచి దించవచ్చు. మనిషి ఉండగా వంచలేరు. నలుగురూ సరోజిని వైపు చూశారు. ఆమె తల పక్కకు తిప్పుకుంది. అప్పుడు తాయారును నా మీద నుంచి దించి, కుర్చీలో పెట్టి మోసుకువెళ్ళారు. నేను ఆ మలుపులో గోడకు ఆని ఉండిపోయాను.

తాయారు ఇంటికి తిరిగి వచ్చింది గాని, ప్రాణంతో రాలేదు. డాక్టరు వడదెబ్బ అన్నాడట. పలకరింపుకు వచ్చినవాళ్ళు ఒప్పుకోలేదు. "నీడలో కూర్చున్న మనిషికి వడదెబ్బేంటమ్మా? గుండెపోటయ్యుంటుంది" అన్నారు. నాంచారయ్య కూడా అదే అందామనుకున్నాడు. సరోజిని ఒక్కతే డాక్టరు మాట నమ్మింది. ఎండను డబ్బాల్లో పంపుతున్నారని అన్నది ఆమే కదా.

ఉమాబాల వచ్చి గుమ్మం దగ్గర నిలబడి ఏడ్చింది. ఇంటికి వెళ్ళి తన మిషను ఆపేసింది. ఆ గోడకు ఉన్నవాటిలో ఒకటి ఆగింది. తేడా తెలిసిందని చెప్పాలని ఉంది నాకు. తెలియలేదు. మర్నాడు బిడ్డ ఒంటినిండా చెమటకాయలు పేలాయి, మళ్ళీ వేసింది. నేను తప్పు పట్టను. చంటిబిడ్డ.

నన్ను మలుపు నుంచి మళ్ళీ డాబా మీదికి చేర్చారు. బట్ట నాకే అంటుకుని ఉంది. పది రోజులు దాటాక సరోజిని ఒక్కతే పైకి వచ్చింది. బట్ట వెనక నీళ్ళు చిలకరించి, ఒక్కో వడియాన్నీ ఊడబెరికింది. మధ్యలోవి చాలావరకు నలిగిపోయాయి. అంచున ఉన్న ఒకదాన్ని విరిచి చూసింది. లోపలిదాకా ఎండి ఉంది. తర్వాత ఆ ముక్కలు పక్షులకు వేయబోయింది. అక్కడికి పక్షులు రావడం మానేసి చాలాకాలమైంది.

వద్దనేవాళ్ళు లేరు కనక ఇల్లు బిల్డరుకు ఇచ్చారు. డాబా పడగొట్టినప్పుడు నన్ను ఇసక గుట్ట పక్కన పడేశారు. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం అక్కడే ఉన్నాను. నులక కుళ్ళి పోయింది. వాచ్‌మన్ పని కోసం శ్రీకాకుళం నుంచి వచ్చిన రవణమ్మ, ఆమె మొగుడు నా కర్ర గట్టిదని చూసి, ప్లాస్టిక్ వైరు అల్లుకున్నారు. ఇప్పుడు నేను ఈ కొత్త అపార్ట్‌మెంటు కింద, సెల్లారులో, రెండు కార్ల మధ్య ఉంటున్నాను. ఇక్కడికి ఎండ రాదు, గాలి రాదు. పైన ఎన్నో ఇళ్ళు. వాటి పెట్టెలు వీధి వైపు ఊదుతాయి. మా భవనం నీడ ఇప్పుడు ఎదురింటి నరసమ్మ డాబా మీద పడుతోంది. ఈమధ్య ఆవిడ మిరపకాయలు రోడ్డు మీద ఆరబోసుకుంటోందని విన్నాను.

సరోజిని వాళ్ళది మూడో అంతస్తు. నాంచారయ్యకు ఒంట్లో బాగుండటం లేదు, వేడికి తట్టుకోలేడు. పగలంతా తలుపులు వేసి మిషను నడుపుతారు. తాయారు పేరు మీద రావలసిన ఫ్లాటు అద్దెకిచ్చారు. దానికీ ఒక పెట్టె ఉంది.

మళ్ళీ రోహిణి కార్తె వచ్చింది. మధ్యాహ్నం పూట, నాంచారయ్యకు అన్నం పెట్టి, ఆయన కునుకు తీశాక, సరోజిని లిఫ్టు దిగి కిందికి వస్తుంది. నా మీద కూర్చుంటుంది. పెట్రోలు వాసన, ఉక్క. చీర వీపుకు అతుక్కుపోతుంది. రవణమ్మ రెండు మూడు రోజులు చూసి, ఉండబట్టలేక అడిగింది.

"పైన ఏసీ ఉంది గదమ్మా. ఈ ఉక్కలో ఇక్కడెందుకు కూకున్నారు?"

"పైన చల్లగా ఉందమ్మా" అంది సరోజిని.

రవణమ్మ లోపలికి వెళ్ళి తాటాకు విసనకర్ర తెచ్చి ఇచ్చింది. సరోజిని దాన్ని తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. విసురుకోలేదు.